ఏడాదికి పదమూడు

పర్లాకిమిడి

చి. సౌ. బుజ్జికి మీ పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. నీ రొమ్ము కేన్సర్‌కి కీమో అయిపోయిందని, ఇక అయిదేళ్ళు అండాశయాల్ని ఆపడానికి పొట్టకి ఇంజెక్షన్, రోజూ మాత్ర అన్నారని చెప్పింది. "ముట్టు ఎలాగూ ఆగిపోనాది కదప్పా, మళ్ళీ ఈ ఇంజెక్షన్ దేనికి, గుణుపురం నుంచి విశాఖపట్నం నెలనెలా తిరగడం దేనికి" అని అడిగింది. ఆ మాట విన్నాక రాత్రి నాకు కంటిమీద కునుకు లేదు. ఫోన్లో చెప్తే సగం జారిపోతుంది. అందుకే రాస్తున్నాను, నీ ఫైల్లో పెట్టుకో.

ముట్టు ఆగడం వేరు, అండాశయాలు ఆగడం వేరు. నీకు 36 ఏళ్ళు. కీమో దెబ్బకి అవి సొమ్మసిల్లాయి అంతే. ఆరు నెలలకో ఏడాదికో లేచి కూర్చోవచ్చు. నీ గడ్డ రిపోర్టులో ఇ.ఆర్. పాజిటివ్ అని ఉంది కదా, అంటే ఆ కేన్సర్, అండాశయాలు తయారుచేసే ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్ తిని పెరిగే జాతిది. అండాశయం లేచిందంటే దానికి మళ్ళీ కూడు పెట్టినట్టే.

ఇది కొత్తగా పుట్టిన ఆలోచన కాదమ్మా. 1896లోనే గ్లాస్గోలో బీట్సన్ అనే సర్జన్, అండాశయాలు తీసేస్తే రొమ్ము కేన్సర్ వెనక్కి తగ్గిన సంగతి రాశాడు. ఇప్పుడు కొయ్యకుండానే నిద్రపుచ్చుతున్నారు. మెదడు కింద పిట్యూటరీ గ్రంథి ఉంటుంది. దానికి పైనుంచి విడతలు విడతలుగా కబురు వస్తేనే అది అండాశయాల్ని పనిలో పెడుతుంది. ఈ మందు ఆ కబురుని తెరిపి లేకుండా మోగిస్తుంది. మొదట్లో కొద్దిరోజులు అండాశయాలు ఇంకా హడావుడి పడతాయి, తర్వాత గ్రంథి ఆ కబురు వినడం మానేస్తుంది. కాబట్టి మొదటి నెలలో కాస్త రక్తం కనబడితే హడలిపోకు, డాక్టరుకి మాత్రం చెప్పు.

నాకు 2015లో, 44వ ఏట మొదలుపెట్టారు. అంతకు ముందు ఏడే సాఫ్ట్, టెక్స్ట్ అనే రెండు పెద్ద అధ్యయనాల ఫలితాలు వచ్చాయని మా డాక్టరమ్మ చెప్పింది. కీమో పడేంత ప్రమాదం ఉన్నవాళ్ళకీ, మరీ చిన్న వయసు వాళ్ళకీ ఈస్ట్రోజన్‌ని గడ్డకి అందకుండా అడ్డుకునే టామాక్సిఫెన్ మాత్ర ఒక్కటే ఇవ్వడం కంటే అండాశయాల్ని ఆపి మాత్ర ఇస్తే మేలని తేలిందట. నువ్వు ఆ లెక్కలోకే వస్తావు.

ఇప్పుడు అసలు మాట. ఇంజెక్షన్ "నెలకోసారి" అంటారు, ఆ మాట నమ్మకు. 28 రోజులకోసారి. నెలకొకటి చొప్పున ఏడాదికి పన్నెండు అనుకుంటావు, కానీ 28 రోజుల చొప్పున పదమూడు పడతాయి. "పోయిన నెల అయిదున వేయించాను, ఈ నెల కూడా అయిదునే" అనుకుంటూ పోతే రెండు మూడు రోజుల చొప్పున వెనకబడుతూనే ఉంటావు. 28 అంటే సరిగ్గా నాలుగు వారాలు. మంగళవారం మొదలుపెట్టావు కనక అయిదేళ్ళూ మంగళవారమే. తేదీ చూడకు, వారం చూడు. నేను కేలండరులో, పోయిన ఇంజెక్షన్ నుంచి లెక్కపెట్టి, నాలుగో మంగళవారం చుట్టూ కుంకుమతో సున్నా చుట్టేదాన్ని.

ఆలస్యమైతే ఏమవుతుంది అంటావేమో. టామాక్సిఫెన్ వేసుకునేవాళ్ళకి ఆ మాత్ర సొంతంగా కూడా కొంత కాపు కాస్తుంది. నీకు రాసింది ఎక్సిమెస్టేన్ అని మీ అమ్మ చదివి వినిపించింది. అదీ, లెట్రోజోల్, అనాస్ట్రోజోల్ కూడా అండాశయాలు ఆగి ఉంటేనే పనిచేస్తాయి. ఇంజెక్షన్ లేకుండా ఆ మాత్ర ఒక్కటే వేసుకుంటే అండాశయాల్ని తట్టి లేపినట్టే. మా వీధిలో ఒకావిడకి ముట్టు ఆగిందని ఇంజెక్షన్ లేకుండా లెట్రోజోల్ ఒక్కటే రాసేశారు. అయిదో నెలలో ముట్టు వచ్చింది. ఆ అయిదు నెలలూ ఆమె మందు వేసుకుంటున్నాననే అనుకుంది. ఆవిడ ముఖం నాకు ఇప్పటికీ కళ్ళముందే ఉంది. నీకు ఎప్పుడు రక్తం కనబడినా, మరక మాత్రమే అయినా, అదే రోజు ఫోన్ చెయ్యి. రక్తంలో ఎస్ట్రడయాల్, అంటే ఈస్ట్రోజన్‌లో ముఖ్యమైన రకం, ఎంత ఉందో చూడమని అడుగు. చిన్న వయసు వాళ్ళలో కొందరికి ఇంజెక్షన్ పడుతున్నా అండాశయాలు పూర్తిగా అణగవు.

2020 ఏప్రిల్ నేను మర్చిపోలేను. పాతపట్నం మనకి పక్క వీధిలాంటిది కదా, లాక్‌డౌన్‌లో ఆంధ్రా సరిహద్దు దగ్గర ఆ రోడ్డుకి అడ్డంగా కంచె కట్టేశారు. నా మందు శ్రీకాకుళంలో ఉంది. నేను ఇవతల ఉన్నాను. తొమ్మిది రోజులు ఆలస్యమైంది. చివరికి మీ పెదనాన్న కంచె దగ్గర నిలబడి, అవతలి నుంచి ఐసు పెట్టెలో తెప్పించుకున్నారు. నాకు ఏమీ కాలేదు, కానీ ఆ తొమ్మిది రాత్రులు నీకు వద్దు. డాక్టరుని అడిగి ఒక ఇంజెక్షన్ ముందుగా కొని పెట్టుకో. ఎంత చల్లగా ఉంచాలో డబ్బా మీదే రాసి ఉంటుంది, ఒక్కో మందుకి ఒక్కోలా.

నీది గోసెరెలిన్, 3.6 మిల్లీగ్రాములది. నీళ్ళ మందు కాదు, బియ్యపుగింజంత ముక్క. అందుకే సూది లావు. చూడకు. ముందు అయిదు నిమిషాలు ఐసు పెట్టించుకో. బొడ్డు కింద ఈసారి కుడివైపైతే వచ్చేసారి ఎడమవైపు. మూడు నెలలకోసారి వేసే పెద్ద మోతాదు కూడా ఉంది, కానీ దాన్ని నీ అంతట నువ్వు అడిగి మార్పించుకోకు.

వేడి ఆవిర్లు వస్తాయి. మన వేసవిలో అవి రెట్టింపుగా తెలుస్తాయి. నూలు చీర, తలగడ పక్కన తడి తువ్వాలు, రాత్రి కారం తగ్గించు. మరీ తట్టుకోలేకపోతే దానికి మాత్రలున్నాయి, అడగడానికి మొహమాటపడకు. శతావరి లేహ్యాలు, పసర్లు ఎవరిచ్చినా డాక్టరుకి చూపించకుండా మింగకు.

ఎముకలు అరుగుతాయి. మొదట్లోనే ఎముకల గట్టిదనం చూసే డెక్సా స్కాన్ తీయించుకో. చోడి (రాగి) అంబలి, ఒరియావాళ్ళ మాండియా జావు, నువ్వులు, ముల్లుతో తినే చిన్న చేపలు, రోజూ నడక. పొద్దున్న లేవగానే వేళ్ళు బిగుసుకుపోతే నడకే మందు, నాకు అదే పనిచేసింది. ఆరు నెలలకోసారి ఎముకలకి సెలైనులో మందు ఎక్కించాలంటే ముందు పళ్ళ డాక్టరుకి చూపించుకో.

ఇక మీ అమ్మ చెప్పని మాట. కింద ఎండిపోయినట్టు ఉంటుంది, దగ్గరవ్వాలంటే నొప్పి. నేను రెండేళ్ళు నోరు విప్పలేదు, మీ పెదనాన్న నాకు తన మీద ప్రేమ తగ్గిందనుకున్నారు. నువ్వలా చెయ్యకు. మీ ఆయనకి నువ్వే చెప్పు. నీటితో చేసిన జెల్ మందులషాపులో దొరుకుతుంది. హార్మోన్ క్రీములు అడగకుండా వాడకు. ముట్టు రాకపోయినా గర్భం రావచ్చు, కాబట్టి జాగ్రత్త తప్పదు. గర్భం రాకుండా వేసుకునే మాత్రలు మాత్రం ముట్టుకోకు, వాటి బదులు కాపర్-టీ గానీ నిరోధ్ గానీ వాడు.

చిన్నోడికి తోడు కావాలని నీకు ఉందని తెలుసు. ఆ ఆశ చంపుకోకు. 2023లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్ళు మందు వాడాక కొంతకాలం ఆపి బిడ్డ కోసం ప్రయత్నించినవాళ్ళకి, ఆ కొద్దికాలపు లెక్కలో కేన్సర్ తిరగబెట్టడం పెరగలేదు. ఎప్పుడు ఆపాలో డాక్టరే చెప్పాలి. నువ్వు ఇప్పుడే అడిగి ఉంచు.

డబ్బు గురించి ఒక్క మాట. మనది ఒడిశా కార్డు, అవతల ఆంధ్రావాళ్ళ ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ) మనకి వర్తించదు. ఆయుష్మాన్‌లో ఈ ఇంజెక్షన్‌కి ఎంతవరకు వస్తుందో కౌంటరులో ముందే కనుక్కో. రిపోర్టులన్నీ రెండేసి జెరాక్సులు.

వచ్చే మంగళవారం రెండోది కదా. నేను పర్లాకిమిడి స్టేషన్లో బండెక్కుతాను. నీ పక్కన కిటికీ సీటు చూసి ఉంచు.

మీ పెద్దమ్మ