బిల్లు లేని సరుకు వద్దనే అమ్మాయికి వ్యాపారంలో చోటుందా?

ప్రశ్న: మాది పలాసలో చిన్న జీడిపప్పు పరిశ్రమ. మా అమ్మాయి శ్రీకాకుళంలో బి.కాం. చివరి సంవత్సరం చదువుతోంది. చదువయ్యాక వ్యాపారం చూసుకోమంటే, జీరో సరుకు (బిల్లు రాయకుండా, పన్ను కట్టకుండా అమ్మే సరుకు) నడిచినంత కాలం అందులోకి రానని, సీఏ చేస్తానని అంటోంది. నీతి నియమాలు పుస్తకంలో బాగుంటాయి గానీ బజారులో నిలబడవని నా అనుభవం. ఇంత పట్టుదల ఉన్న పిల్లకు ఉద్యోగమైనా ఎవరిస్తారు?
— ఒక తండ్రి, పలాస

సమాధానం: అయ్యా, మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. నిజాయతీతో వ్యాపారం సాగుతుందా అన్నది ఒకటి, అలాంటి మనిషికి కొలువు దొరుకుతుందా అన్నది మరొకటి. కష్టమైనది మొదటిదే కనుక దానితోనే మొదలుపెడతాను.

మీరు చెప్పిన ఇబ్బంది వాస్తవమే. పక్క పరిశ్రమవారు బిల్లు లేకుండా సరుకు పంపి, మిగిలిన పన్ను మేరకు కిలో మీద ధర తగ్గించి ఇస్తుంటే, ప్రతి అమ్మకానికీ బిల్లు రాసేవారికి ఆ నెలలో బేరం తగ్గుతుంది. ఈ సంగతిని పక్కన పెట్టి మీకు హితవు చెప్పడం న్యాయం కాదు. అయితే జీరో వ్యాపారంలో మిగిలే సొమ్ము వెంటనే కంటికి కనిపిస్తుంది. దానివల్ల పోయే సొమ్ము మాత్రం వేరే పద్దుల్లో పడి లెక్కకు రాకుండా పోతుంది.

వేసవిలో జీడి పిక్కలు కొనవలసిన సమయాన్నే తీసుకోండి. పన్ను రిటర్నుల్లో కనిపించని అమ్మకం బ్యాంకు దృష్టిలో జరగని అమ్మకమే కనుక, అప్పు పరిమితి మీ అసలు వ్యాపారానికి సరిపోయేంత రాదు. ఆ లోటును నూటికి రెండు రూపాయల వడ్డీకి బయట తెచ్చి పూడ్చుకుంటే ఏడాదికి 24 శాతం అవుతుంది. ఇక బాకీల విషయానికి వస్తే, సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల కోసం 2006లో వచ్చిన చట్టం ప్రకారం ఉద్యమ్ నమోదు (చిన్న పరిశ్రమలకు ప్రభుత్వమిచ్చే గుర్తింపు) ఉన్న చిన్న పరిశ్రమకు కొనుగోలుదారు ఎంత ఆలస్యమైనా 45 రోజుల్లోపు డబ్బు చెల్లించాలి. గడువు దాటితే రిజర్వు బ్యాంకు నిర్ణయించిన బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ లెక్కన కట్టాలి. దూరపు ఊరి వ్యాపారి డబ్బు ఎగ్గొట్టినప్పుడు ఈ చట్టం మీ పక్షాన నిలబడాలంటే చేతిలో బిల్లు ఉండాలి. 2017 జూలై 1న జీఎస్టీ అమలులోకి వచ్చాక మరో మార్పు కూడా వచ్చింది. అమ్మినవారు తమ రిటర్నులో చూపితేనే కొన్నవారికి ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ (కొనుగోలులో కట్టిన పన్నును తాము కట్టవలసిన పన్నులో తగ్గించుకునే వీలు) దక్కుతుంది కనుక, లెక్కలు సరిగా లేనివారి దగ్గర కొనడానికి పెద్ద కొనుగోలుదారులు వెనుకాడుతున్నారు.

నాణ్యతలోనూ ఇదే వరస. 320 గ్రేడు అంటే పౌనుకు 300 నుంచి 320 గుండ్లు తూగాలని కొనేవారికి తెలుసు. అందులో చిన్న పప్పో బద్దో కలిపితే నమూనా తూచి లెక్కపెట్టిన రోజున బయటపడుతుంది.

వీటన్నిటికన్నా బరువైన విషయం పనివారిది. పిక్క పెంకులోని నూనె చర్మాన్ని కాలుస్తుందని మీకు నేను చెప్పనక్కర లేదు. ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) సాధారణంగా పదిమంది, అంతకు మించి పనిచేసే చోట వర్తిస్తుంది. జీరో సరుకు నడిపేవారు ఉత్పత్తిని తక్కువ చూపాలి కాబట్టి మస్టరులో (హాజరు పట్టీలో) పనివారి పేర్లనూ తగ్గించే అవకాశం ఉంది. అలా పేరు లేకుండా పోయిన మనిషికి దెబ్బ తగిలిన రోజున ఈఎస్ఐ వైద్యమూ అందదు, భత్యమూ అందదు. మీ దగ్గర ఇలా జరుగుతోందని నేను అనడం లేదు. కానీ ఒక లెక్కను దాచడానికి మరో లెక్క దాచవలసి వస్తుందని, చివరికి ఆ భారం బీద ఇంటి ఆడమనిషి మీద పడుతుందని మీ అమ్మాయి గ్రహించి ఉంటే, ఆ పట్టుదలను మొండితనమని నేను అనలేను.

పెద్ద సంస్థలోనూ జరిగింది ఇదే. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు తన లేఖలో, వాస్తవ లాభానికీ చూపిన లాభానికీ మధ్య తేడా మొదట స్వల్పమేనని, ఏళ్లు గడిచేకొద్దీ అదుపు తప్పిందని ఒప్పుకున్నారు. అప్పటికి ఆ మోసం విలువ 7,000 కోట్ల రూపాయలు దాటింది. 2015 ఏప్రిల్‌లో హైదరాబాద్ ప్రత్యేక న్యాయస్థానం దోషులుగా తేల్చిన పదిమందిలో ఆడిటర్లు ఇద్దరున్నారు. అప్పీలులో ఆ శిక్ష అమలు నిలిచిపోయినా, సంతకం పెట్టేవారి బాధ్యత ఎంతటిదో ఆ కేసు దేశానికి తెలియజేసింది. 2013 నాటి కంపెనీల చట్టం మోసం కనిపిస్తే తెలియజేయవలసిన బాధ్యతను ఆడిటర్ల మీద పెట్టింది. 2018లో ఆడిటర్ల పనిని పర్యవేక్షించడానికి జాతీయ ఆర్థిక నివేదికల ప్రాధికార సంస్థ ఏర్పడింది.

ఉద్యోగం గురించి మీ భయానికి ఇక్కడే జవాబు ఉంది. అంతర్గత ఆడిట్, చట్టాల అమలు పర్యవేక్షణ వంటి విభాగాల్లో, తప్పుడు అంకెకు ఒప్పుకోని మనిషే కావాలి. పైడిభీమవరంలోని ఔషధ పరిశ్రమల్లో నాణ్యతా విభాగం పని కూడా అలాంటిదే. 2013లో ర్యాన్‌బాక్సీ మందుల కంపెనీ అమెరికాలో నేరం ఒప్పుకుని 50 కోట్ల డాలర్లు చెల్లించవలసి వచ్చిన వ్యవహారంలో తప్పుడు సమాచారం సమర్పించడం ఒక ముఖ్యాంశం. ప్రయోగశాలలో ఒక కొలతను ఉన్నది ఉన్నట్టు రాసే ఉద్యోగి విలువ ఆ పరిశ్రమకు బాగా తెలుసు.

కాబట్టి ఆమెను సీఏ చదవనివ్వండి. బి.కాం.లో 55 శాతం మార్కులు వస్తే సీఏలో మొదటి మెట్టు అయిన ఫౌండేషన్ రాయకుండానే రెండో మెట్టు సీఏ ఇంటర్మీడియట్‌లో చేరవచ్చు; 2023 జూలై నుంచి అమలులో ఉన్న కొత్త పద్ధతిలో ఆర్టికల్‌షిప్ (సీఏ దగ్గర చేసే పని శిక్షణ) రెండేళ్లే. ఆ రెండేళ్లు ఎవరి దగ్గర చేస్తుందన్నది జాగ్రత్తగా చూసుకోండి. కాగితాలు చదవకుండా సంతకాలు జరిగే కార్యాలయంలో చేరితే, ఇప్పుడున్న పట్టుదల అక్కడే సడలిపోవచ్చు. కూతురు సీఏ అయితే మన లెక్కలు మన ఇంట్లోనే ఆడిట్ అయిపోతాయన్న ఆశ మీకుంటే దాన్ని వదులుకోండి. దగ్గరి బంధువుల వ్యాపారానికి ఆడిటరుగా సంతకం చేయడానికి నియమాలు ఒప్పుకోవు.

మీ వ్యాపారం విషయంలో ఒకటి చేయవచ్చు. మీ ఆడిటరు దగ్గరకు అమ్మాయిని కూడా తీసుకువెళ్లి, రాబోయే పిక్కల సీజను నుంచి ప్రతి కొనుగోలుకూ, అమ్మకానికీ బిల్లు ఉంటే నగదు ఎంత బిగుస్తుందో, బ్యాంకు పరిమితి ఎంత పెరుగుతుందో, బయటి వడ్డీ ఎంత తగ్గుతుందో ముగ్గురూ కలిసి అంకెలు వేయండి. వెనుకటి సంవత్సరాల సంగతి కూడా దాచకుండా అడగండి. నోటీసు రాకముందే తమంతట తాము పన్ను, వడ్డీ కట్టేవారికి జరిమానాలో జీఎస్టీ చట్టం వెసులుబాటు ఇస్తుంది. ఆ అంకెలు చూశాక వ్యాపారంలోకి ఎప్పుడు వస్తుందో, ఏ షరతుల మీద వస్తుందో ఆమెనే అడగండి.