కంది కాయలో కనిపించని ఈగ

ప్రశ్న: మాది ఫిరంగిపురం దగ్గర మెట్ట పొలం. కంది కాయలు పైకి బాగానే ఉన్నా, ఒలిచి చూస్తే గింజలు సగానికి సగం తినేసి ఉన్నాయి. కొన్ని కాయల మీద గుండుసూది తలంత గుంట ఉంది. పురుగు అందులోంచే లోపలికి వెళుతుందా? ఇప్పుడు మందు కొడితే ఫలితం ఉంటుందా?
– ఒక రైతు, గుంటూరు జిల్లా

జవాబు: మీ గింజల్ని తిన్నది కాయ ఈగ పిల్లపురుగు. దీని శాస్త్రనామం మెలనాగ్రోమైజా ఆబ్ట్యూసా. మీరు చూసిన గుంట అది లోపలికి వెళ్లిన దారి కాదు, బయటికి రావడానికి సిద్ధం చేసుకున్న దారి.

ఇంట్లో తిరిగే ఈగకంటే బాగా చిన్నదైన ఈ నల్లని మెరిసే ఈగ, లేత పచ్చి కాయ గోడను పొడిచి లోపలివైపు గుడ్లు పెడుతుంది. 3 నుంచి 5 రోజుల్లో పొదిగి వచ్చిన కాళ్లులేని తెల్లటి పురుగు మొదట గింజ తొక్క కిందనే సన్నని చాళ్లు చేసుకుంటూ తిని, తర్వాత పప్పులోకి తొలుచుకుపోతుంది. ఇంత జరుగుతున్నా కాయపైన ఏ గుర్తూ కనిపించదు. ఈ పురుగుతో అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఎదిగిన పురుగు గింజను వదిలి, కాయ గోడను లోపలినుంచి గీకి, పలుచని పొర మాత్రం మిగిల్చి, కాయలోనే కోశస్థ దశకు, అంటే ఈగగా మారే ముందు కదలకుండా ఉండే దశకు, చేరుతుంది. ఆ పొరను చీల్చుకుని ఈగ బయటికి వస్తుంది. మొత్తం జీవితచక్రం సుమారు 3 వారాలు. శనగపచ్చ పురుగైతే పెద్ద రంధ్రం చేసి, తల లోపల, ఒళ్లు బయట పెట్టి తింటుంది కాబట్టి గుర్తించడం తేలిక.

దక్షిణ, ఆగ్నేయ ఆసియా దేశాల్లో కంది పండే చోట్ల ఈ ఈగ ఉంటుంది. ఆఫ్రికాలో ఇదే పని చేసేది దీని బంధువైన చాల్కోసోమా అనే మరో జాతి. మన దేశంలో ఉత్తర, మధ్య ప్రాంతాల్లో ఆలస్యంగా కోతకొచ్చే దీర్ఘకాలిక రకాలకు నష్టం ఎక్కువ. కంది లేని నెలల్లో దానికి దగ్గరి జాతి అడవి మొక్కల కాయల మీద ఇది బతుకుతుంది.

గుంట పడ్డ కాయలకు మందు కొట్టడం వృథా ఖర్చని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే అక్కడ తినడం అప్పటికే ముగిసింది. ఇంకా పచ్చిగా, గింజ కడుతున్న కాయల్ని చేనంతటా అక్కడక్కడ కోసి, ఒలిచి చూడండి. పురుగు కనిపిస్తే గుంటూరు పక్కనే ఉన్న లాం వ్యవసాయ పరిశోధనా స్థానం వారిని అడిగి, మొక్క లోపలికి ఇంకే మందునే వాడండి. పైపైన మాత్రమే అంటుకునే మందు కాయలోని పురుగును చేరదు. వచ్చే ఏడాది పిందె దశలోనే 5 శాతం వేప గింజల కషాయం చల్లడం మంచిది. తిన్న గింజలు మొలవవు కాబట్టి విత్తనానికి తీసేటప్పుడు వాటిని ఏరివేయండి. నిల్వ కందుల్లో కనిపించే పుచ్చు పురుగు వేరు. ఈ ఈగ ఎండు గింజల్లో పెరగదు.