మడమ నొప్పికి కత్తి దాకా ఎందుకు?

అమ్మడూ,

పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో మేకు దిగినట్టుంటోందన్నావు. ఎక్స్‌రేలో ఎముక పెరిగిందన్నారని ఆపరేషన్ టెన్షన్ పెట్టుకున్నావు. ఏళ్ళ తరబడి బడిలో నిలబడి పాఠాలు చెప్పినదాన్ని, ఈ నొప్పి నాకు పాత చుట్టమే. ఆ పెరిగిన ఎముక ఏ నొప్పీ లేనివాళ్ళలో కూడా చాలామందికి ఉంటుంది. అసలు బాధ మడమ నుంచి వేళ్ళ దాకా అరికాలి కింద ఉండే పట్టీది. రాత్రంతా ముడుచుకుని ఉన్నది మొదటి అడుగుకే ఒక్కసారిగా సాగుతుంది. అందుకే ఆ పోటు.

కాబట్టి కాలు కింద పెట్టకముందే దాన్ని సాగదియ్యి. మంచం అంచున కూర్చుని, నొప్పి కాలు రెండో మోకాలి మీద వేసుకుని, వేళ్ళు పట్టుకుని నీ వైపు వంచు. రెండో చేత్తో అరికాలు తడిమితే ఆ పట్టీ బట్టలారేసే తాడులా బిగుసుకుని తగలాలి. తగల్లేదంటే ఇంకాస్త లాగాలి. 10 లెక్కపెట్టి వదులు. అలా 10 సార్లు, రోజుకు 3 విడతలు. గోడకు చేతులు ఆనించి పిక్కలూ సాగదీస్తుండు.

జిల్లేడాకు వేసి వేడి ఇటుక మీద మడమ పెట్టమని మీ అత్తగారు అంటారు. నేనూ పెట్టాను, బొబ్బలెక్కి వారం కుంటాను. షుగరుండి స్పర్శ తగ్గిన కాలికైతే కాలుతున్నా తెలీదు. దానికంటే ఫ్రీజర్లో గడ్డకట్టించిన నీళ్ళ సీసా మీద గుడ్డ చుట్టి, సాయంత్రం పది నిమిషాలు అరికాలితో దొర్లించు.

గ్రానైట్ నేల మీద ఉత్తకాళ్ళతో తిరగడం మానెయ్. ఇంట్లోకి విడిగా మెత్తటి ఎమ్‌సీఆర్ రబ్బరు చెప్పులు కొనుక్కో. వంటింట్లో చెప్పులేమిటని ఎవరన్నా అంటే నా పేరు చెప్పు.

స్టెరాయిడ్ ఇంజెక్షన్‌కు తొందరపడకు. నాకు నెలన్నర హాయిగా ఉంది, వ్యాయామం మానేశాను, నొప్పి మళ్ళీ వచ్చింది. పదేపదే వేయించుకుంటే పట్టీ తెగే ప్రమాదముంది, మడమ కింది మెత్తటి కొవ్వూ పలచబడొచ్చు. నెలల తరబడి వ్యాయామం చేసినా తగ్గకపోతే షాక్‌వేవ్ (బయటి నుంచి మడమకు ధ్వని తరంగాలు పంపే చికిత్స) గురించి డాక్టర్ని అడుగు.

వారంలో తగ్గిపోవాలనుకోకు. నాకు ఎనిమిది నెలలు పట్టింది. ఎక్కువమందికి ఏడాదిలోపు కత్తి పడకుండానే తగ్గుతుంది. తిమ్మిరి, వాపు, జ్వరం ఉన్నా, పడుకున్నప్పుడు కూడా సలుపుతున్నా ఆగకుండా డాక్టర్ దగ్గరికి వెళ్ళు.

పండక్కి వచ్చేటప్పుడు ఆ ఇంటి చెప్పులు సంచిలో వేసుకుని రా. మా ఇంట్లోనూ నేల గ్రానైటే.

నీ పెద్దమ్మ