నైరూప్య చిత్రకారుడి మీద సినిమా తీసే మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి, మావయ్య ఆశీస్సులు.

నీ స్క్రిప్టు చదివాను. 20 నిమిషాల సినిమాలో మీ హీరో, ఆ చిత్రకారుడు, తాగే సీన్లు ఆరు, బొమ్మ వేసే సీన్లు రెండు. ముందు ఈ లెక్క తిరగెయ్యి. తాగి ఊగుతూ గొప్ప బొమ్మ వేసేస్తాడన్న మాట వినడానికి బాగుంటుంది గానీ, నువ్వు ఎదురుగా పెట్టుకుని రాసుకున్న అమెరికన్ నైరూప్య చిత్రకారుడు జాక్సన్ పొలాక్ జీవితమే దాన్ని ఒప్పుకోదు. రంగు ధారగా వదిలి వేసిన ఆయన పెద్ద బొమ్మలు ముఖ్యంగా 1947-50 మధ్యవి. అందులో దాదాపు రెండేళ్ళు ఆయన మందు ముట్టలేదు. 1950 నవంబరులో హాన్స్ నముత్ అనే ఫోటోగ్రాఫర్ ఆయన మీద తీస్తున్న సినిమా షూటింగ్ ముగిసిన రోజే మళ్ళీ గ్లాసు పట్టాడు. అక్కణ్ణుంచి పని సన్నగిల్లుతూ వచ్చింది. 1956 ఆగస్టు 11న తాగి కారు నడిపి, 44 ఏళ్ళకే పోయాడు. ఆ కారులో ఉన్న ఈడిత్ మెట్జర్ అనే అమ్మాయి కూడా ఆయనతోపాటే పోయింది. నీ క్లైమాక్సులో చావును అందంగా చూపించాలనిపించినప్పుడు ఆ అమ్మాయిని తలుచుకో.

భార్య పాత్ర టీ గ్లాసు పెట్టి వెళ్ళిపోతోంది. అది తప్పు. పొలాక్ భార్య లీ క్రాస్నర్ పెళ్ళికి ముందే చిత్రకారిణి, ఆయన పోయాక ఆయన బొమ్మలు వేసిన కొట్టంలోనే తన పెద్ద కాన్వాసులు వేసింది. 2000లో నటుడు ఎడ్ హారిస్ పొలాక్ మీద తీసిన సినిమాలో ఆవిడ పాత్ర వేసినందుకే మార్సియా గే హార్డెన్‌కి ఆస్కార్ వచ్చింది. మీ ఇల్లాలికి బొమ్మ ముందు నిలబడి "ఇది అయిపోయింది, ఇంక ముట్టుకోకండి" అనే సీను ఒక్కటైనా ఇవ్వు.

ఆ సినిమాలో పొలాక్‌గా నటించి బొమ్మ వేసేది హారిసే. నువ్వూ డూపు చెయ్యి పెట్టకు. మీవాడితో నెల ముందునుంచి సాధన చేయించు. మొదటి వారం రంగు అక్కర్లేదు. సిమెంటు గచ్చు మీద నీళ్ళు, ఒక పుల్ల చాలు. గీత పడుతుంది, ఆరిపోతుంది, మళ్ళీ వెయ్యొచ్చు, పైసా ఖర్చు లేదు. చెయ్యి మణికట్టు దగ్గర కాదు, భుజం నుంచి ఊగాలి, కాళ్ళు కూడా నడవాలి. రెండో వారం సున్నం నీళ్ళు. ఆ తర్వాతే రంగు. మధ్యలో ఓసారి రాజమండ్రి తీసుకెళ్ళి దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీలో కుంచె జాడలు దగ్గరగా చూపించు. పొలాక్ కూడా థామస్ హార్ట్ బెంటన్ అనే చిత్రకారుడి దగ్గర మనుషుల బొమ్మలు నేర్చుకునే మొదలుపెట్టాడు. మీ హీరో చేతిలో ఆ డ్రాయింగ్ కనబడకపోతే తర్వాత వేసేదంతా పిచ్చి చల్లుడులా ఉంటుంది.

పొలాక్ వాడింది ఇళ్ళకేసే ఎనామిల్. నువ్వు మూసిన షెడ్డులో, వేడి లైట్ల కింద అది వాడకు. టర్పెంటైన్ ఆవిరికి తల తిరుగుతుంది, నిప్పు భయం కూడా. గోడలకేసే ఎమల్షన్ తీసుకో. నీళ్ళు మాత్రమే కలిపితే ధార నిలవక చుక్కలైపోతుంది. నాలుగు పాళ్ళ ఎమల్షన్‌కి ఒక పాలు ఫెవికాల్ కలిపి, నీళ్ళు చెంచా చెంచాగా పోస్తూ చూడు. పుల్ల ఎత్తితే బెల్లం తీగపాకంలా తెగకుండా జారాలి. చెయ్యి గుడ్డకి అడుగున్నర, రెండడుగుల ఎత్తులో ఉంచాలి. నెమ్మదిస్తే ధార చుట్టలు చుట్టుకుంటుంది, మరీ విసిరితే తెగుతుంది. ఈ రెండిటి మధ్య వేగం పట్టుకోవడమే మీవాడు నేర్చుకోవాల్సిన అసలు విద్య.

ఆరు అడుగులకి తొమ్మిది అడుగుల గాడా గుడ్డకి నలుపు లీటరు, తెలుపు ముప్పావు లీటరు, ఇటుక రంగు పావు లీటరు దగ్గర పెట్టుకో. గుడ్డ అతుకు వేస్తే కుట్టు వెంట రంగు నిలిచిపోతుంది, అందుకని పన్నా ఎక్కువున్నది వెతుకు. కనీసం నాలుగు గుడ్డలు కావాలి: ఖాళీది, సగం వేసింది, పూర్తయింది, తేడా వస్తే ఇంకోటి. సగంవి, పూర్తివి ముందురోజే వేసి ఆరబెట్టు. ప్రతి టేకు తర్వాత చేతులు, చొక్కా, చెప్పులు, డబ్బాలో రంగు మట్టం ఫోటో తీయించు. ఎడిటింగ్‌లో దొరికిపోయేది అక్కడే.

షెడ్డు మండపేట వైపు ఖాళీ రైస్ మిల్లు గోదాము చూడు. కొబ్బరి పీచు తీసేది వద్దు, నూగంతా తడి రంగు మీద పడుతుంది. ముందురోజు గచ్చు కడిగించు. షాట్‌లో ఫ్యాన్లు ఆపెయ్యి, గాలికి ధార పక్కకి పోతుంది. సంక్రాంతికీ శివరాత్రికీ మధ్య పెట్టుకో. వానల్లో రంగు మర్నాటికీ జిగటగానే ఉంటుంది, దీపం పెట్టగానే ఉసిళ్ళు వచ్చి అంటుకుంటాయి. పొద్దున ఏడు నుంచి పది దాకా పక్కనుంచి వచ్చే వెలుతురులో రంగు గట్లు బాగా తేలతాయి.

నముత్ చేసినట్టు, గాజు మీద బొమ్మ వేస్తుంటే దాని కిందనుంచి ఒక షాట్ తీస్తానన్నావు. తియ్యి, మొహం, ధార ఒకేసారి కనిపించే దారి అదే. 10 మిల్లీమీటర్ల టఫెన్డ్ గాజు, మూడడుగులకి నాలుగు, దగ్గరదగ్గర 28 కిలోలు ఉంటుంది. ఇద్దరు ఎత్తాలి. అంచుల్లో పెచ్చు ఉంటే వాడొద్దు. నాలుగు వైపులా చెక్క చట్రం మీద ఆనాలి. దాని మీద ఎవరూ మోచెయ్యి కూడా ఆనించకూడదు. కెమెరాకి చుట్టూ నల్లగుడ్డ కట్టు, లేకపోతే లెన్సు నీడ గాజులో కనిపిస్తుంది. పైన ఆకాశం ఉంటే మొహం నల్లబడుతుంది కాబట్టి రెండు పక్కలా తెల్ల థర్మకోల్ పెట్టు.

పొలాక్ బొమ్మలు మాత్రం అచ్చు దించకు. వాటి హక్కులు చూసేది పొలాక్-క్రాస్నర్ ఫౌండేషన్. మీ హీరో బొమ్మలు మీవాడి చేతివే కావాలి, అప్పుడే ఆ చెయ్యి ఎవరిదో చూసేవాడికి తెలుస్తుంది.

షూటింగ్ అయ్యాక గుడ్డలు మడత పెట్టకు. రెండు రోజులు ఆరనిచ్చి, రంగు వైపు బయటికి ఉండేలా లావు పీవీసీ పైపుకి చుట్టు. లోపలికి చుడితే గట్లు నలిగి పెచ్చులూడతాయి.

స్క్రిప్టు మార్చాక పంపు.

మావయ్య