జెండా ఎటు తిరిగిందో అదే నీ కథ

అమ్మాయ్,

అమెరికాలో టోర్నడో కోసం మబ్బు వెంట కారులో వెళ్లిన రోజు గురించి నువ్వు రాసి పంపింది రెండుసార్లు చదివాను. మొదటిసారి ఇష్టంగానే చదువుతూ పోయాను గానీ, చివరి పేజీకొచ్చేసరికి ఒళ్లు మండింది. అందుకే ఆగకుండా రాస్తున్నా. నీ తెలుగు బాగుంది. ఇక అసలు విషయానికొస్తా.

చివర్లో వచ్చిన ఆ టోర్నడోను, అదే మబ్బులోంచి నేలకు దిగే ఆ సుడిగాలిని, నువ్వు చూడలేదు. ఎవరో చెప్పక్కర్లేదు, నీ రాతే చెప్తోంది. టెక్సస్‌లో చైల్డ్రెస్ దగ్గర బయల్దేరి, తూర్పున లేచిన మబ్బు వెంట ఓక్లహోమాలోని ఆల్టస్ వైపు వెళ్తున్నామని రాశావు. పొద్దు మీ వెనక వాలుతోంది, ముందు మబ్బు ఎర్రబడుతోంది. అంతవరకూ ప్రతి అక్షరం నిజం. రెండు పేరాలు దాటగానే పడమటి నుంచి టోర్నడో మీ కారు మీదికి దూసుకొచ్చింది! వసంతకాలంలో అక్కడి మబ్బులు ఎక్కువగా ఈశాన్యం వైపు నడుస్తాయి. మీ మబ్బు మీకంటే ముందుంది, ఇంకా ముందుకు పోతోంది. మీ వెనకున్నది ఎండ. ఎండలోంచి టోర్నడో ఎలా వస్తుందమ్మా?

అసలు నీకు ఆ అబద్ధంతో పనేముంది? మూడో పేజీలో గ్యాస్ స్టేషన్ ముచ్చట మళ్లీ చదువు. సాయంత్రం నాలుగు. జెండా మధ్యాహ్నం నుంచీ వాయవ్యం వైపు రెపరెపలాడుతోంది, చొక్కా ఒంటికి అతుక్కుపోతోంది. ఉన్నట్టుండి జెండా ఈశాన్యానికి తిరిగింది, మెడ మీద చెమట ఆరిపోయి హాయిగా అనిపించిందన్నావు. పక్క పంపు దగ్గరున్న పెద్దాయన మాత్రం సగం తిన్న శాండ్‌విచ్ చెత్తబుట్టలో పడేసి, కారెక్కి తూర్పుకు వెళ్లిపోయాడు. ఇదంతా నాలుగంటే నాలుగు లైన్లలో తేల్చేశావు. ఆ రోజు మొత్తానికి అసలు ఘట్టం అదే.

గల్ఫ్ ఆఫ్ మెక్సికో నుంచి వచ్చే తడిగాలికీ, పడమటి ఎడారి నేలల నుంచి వచ్చే పొడిగాలికీ మధ్య ఉండే సరిహద్దును అక్కడివాళ్లు డ్రైలైన్ అంటారు. పొద్దెక్కేకొద్దీ అది తూర్పుకు జరుగుతుంది. పైన వేడిగాలి పొర ఒకటి గిన్నె మీద మూతలా తడిగాలిని అణిచిపెట్టి ఉంచుతుంది. సాయంత్రానికి ఆ మూత ఎక్కడ లేస్తే అక్కడ మబ్బు చూస్తుండగానే పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తుకు పోతుంది. అలా లేచేది సాధారణంగా డ్రైలైన్ మీదో, దానికి తూర్పునో. జెండా తిరిగి నీ చెమట ఆరిందంటే, ఆగ్నేయం నుంచి వీచే తడిగాలి పోయి నైరుతి నుంచి పొడిగాలి వచ్చిందన్నమాట. డ్రైలైన్ నిన్ను దాటిపోయింది, నువ్వు పొడి వైపు మిగిలిపోయావు. ఆ సంగతి ఆ పెద్దాయనకు మెడ మీదే తెలిసింది, నీకు తెలియలేదు. అక్కడి నుంచి మీరు ఎంత తొందరపడినా మబ్బు వెనకే ఉండిపోయారు. ఇంతకంటే టెన్షన్ ఏ టోర్నడో ఇస్తుంది?

ఓక్లహోమాలోని నార్మన్‌లో మా అబ్బాయి దగ్గర ఉన్నప్పుడు యూనివర్సిటీ పిల్లలు ఇవన్నీ ఓపిగ్గా చెప్పేవారు. సూపర్‌సెల్ అనే, తనలో తాను సుడి తిరిగే పెద్ద ఉరుము మబ్బుల్లో కూడా చాలావాటి నుంచి టోర్నడో దిగనే దిగదట. వెతుక్కుంటూ వెళ్లినవాళ్లు చాలాసార్లు ఉత్త చేతులతో తిరిగొస్తారు. రాయాల్సింది దాని గురించే.

ఈ మాట మీద నాకు పట్టింపు ఎందుకంటే, 1996 నవంబరులో కోనసీమ తుఫాను తర్వాత నేనొక వ్యాసం రాశాను. ఒకే తోటలో కొబ్బరిచెట్లు కొన్ని దక్షిణానికి తలపెట్టి, కొన్ని ఉత్తరానికి తలపెట్టి పడి ఉన్నాయి. ముందు ఉత్తరపు గాలి కొట్టిందనీ, తర్వాత ఆకు కదలకుండా నిలిచిపోతే జనం బయటికొచ్చారనీ, అప్పుడు దక్షిణం నుంచి తిరుగుగాలి వచ్చిపడిందనీ తోట కాపలా మనిషి వేలు పెట్టి చూపించాడు. తుఫాను కన్ను ఆ తోట మీదుగానే పోయింది. సంపాదకుడు ఆ పేరా మొత్తం కొట్టేసి, పాఠకులకు వాతావరణ పాఠాలెందుకని, శవం మీద పడి ఏడుస్తున్న తల్లిని తన సొంతంగా చేర్చాడు. నా పేరు కింద! ఇప్పటికీ ఆ కోపం చల్లారలేదు. ఇప్పుడు ఇంకో ఫ్యాషన్ వచ్చింది, ఎక్కడికి వెళ్లినా చివర్లో తనను తాను కనుక్కోవాలట. నీ ఆఖరి పేరాలో ఆ వాసన కొడుతోంది, తీసేయ్.

ఇంకో మాట. టిమ్ సమారస్ అని టోర్నడోలను వెంటాడి కొలిచే పరిశోధకుడు ఒకాయన 2003లో సౌత్ డకోటాలో మాంచెస్టర్ దగ్గర టోర్నడో దారిలో యంత్రం పెట్టి, గాలి పీడనం 100 మిల్లీబార్లు పడిపోవడం నమోదు చేశాడు. అంత అనుభవమున్న మనిషి, 2013 మే 31న ఓక్లహోమాలోని ఎల్ రీనో దగ్గర టోర్నడోలో చిక్కుకుని కొడుకు పాల్‌తో, సహచరుడు కార్ల్ యంగ్‌తో సహా ప్రాణాలు పోగొట్టుకున్నాడు. ఆ టోర్నడో వెడల్పు నాలుగు కిలోమీటర్లు దాటింది, దారి కూడా మార్చింది. ఒక్క కొలత కోసం మనుషులు అంత దూరం వెళ్లిన చోట, మనం కుర్చీలో కూర్చుని టోర్నడోను కల్పించడం నాకు మనసొప్పదు.

ఏ పత్రికకు పంపాలని అడిగావు, నవలగా పెంచవచ్చా అని కూడా అడిగావు. అవి ఇప్పుడొద్దు. ఆ రోజు తేదీ పట్టుకుని అమెరికా వాతావరణ శాఖలోని స్టార్మ్ ప్రెడిక్షన్ సెంటర్ వాళ్ల పాత రికార్డులు తియ్యి, వడగళ్లు ఎక్కడ పడ్డాయో, టోర్నడో ఎక్కడైనా దిగిందో లేదో ఉంటుంది. చైల్డ్రెస్ ఎయిర్‌పోర్టులో నమోదైన గాలి దిశ, గాలిలో తడి ఎంతుందో చెప్పే డ్యూ పాయింట్ కూడా చూడు. గాలి మారిన సమయం దొరుకుతుంది. ఆ నాలుగు లైన్లనూ నాలుగు పేజీలు చేసి పంపు. అక్షరాలు కాస్త పెద్దవిగా ఉంచమ్మా, ఫోన్లోనే చదువుతాను.