వెనక నాలుగు ప్లగ్గుల సంగతేంటి?

బండి వైద్యం – పాఠకుల ప్రశ్నలకు విజయనగరం మెకానిక్ జవాబులు

వానలు మొదలైతే మిస్సింగ్ గురించి, అంటే ఇంజిన్‌లో ఏదో ఒక సిలిండర్ సరిగా మండకపోవడం గురించి, ఉత్తరాలు పెరగడం ఏటా ఉన్నదే. ఈసారి వచ్చినవన్నీ ముందు వేసుకుని చదివితే నాకు ఒక్క సంగతి కొట్టొచ్చినట్టు కనబడింది. సిలిండర్‌లో పెట్రోలుకి నిప్పు పెట్టే స్పార్క్ ప్లగ్గుల్లో చెయ్యి అందేది మారుతోంది, అందనిది అలాగే ఉండిపోతోంది. బండి ఓనరుకేమో ప్లగ్గులన్నీ మారిపోయాయన్న నమ్మకం. అందుకే రాజాం ఉత్తరానికి ఎక్కువ చోటు తీసుకుంటున్నాను.

ప్రశ్న: మాస్టారూ, నాది 2006 మోడల్ హోండా సిటీ జెడ్ఎక్స్, ఐడీఎస్ఐ ఇంజిన్. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఎత్తు ఎక్కేటప్పుడు బరువుగా లాగుతోంది, మైలేజీ బాగా పడిపోయింది. ఒక గ్యారేజీలో చూపిస్తే ప్లగ్గులు మార్చామని నాలుగు ప్లగ్గులకు బిల్లు వేశారు. పెద్దగా తేడా రాలేదు. ఇప్పుడేమో ప్లగ్గులకి ఎక్కువ వోల్టేజీ ఇచ్చే కాయిల్స్ పోయాయి, ఎనిమిదీ మార్చాలంటున్నారు. నాలుగు సిలిండర్ల బండికి ఎనిమిది కాయిల్స్ ఏమిటి? – ఒక పాఠకుడు, రాజాం

జవాబు: బాబూ, మీ బిల్లులోనే జవాబు ఉంది. ఆ ఇంజిన్‌కి ప్లగ్గులు ఎనిమిది. ఒక్కో సిలిండర్‌కి రెండు, ఒక్కో ప్లగ్గు నెత్తిన ఒక్కో కాయిల్. పొయ్యికి రెండు వైపుల నుంచి నిప్పు పెట్టినట్టు పెట్రోలు త్వరగా, పూర్తిగా మండాలని హోండా వాళ్లు అలా చేశారు. అదే సిటీ జెడ్ఎక్స్‌లో వీటెక్ ఇంజిన్ ఉన్న బండికైతే నాలుగే. మీది ఐడీఎస్ఐ అంటున్నారు కాబట్టి ఎనిమిదీ ఉంటాయి.

బానెట్ ఎత్తగానే ఎదురుగా కనబడేవి నాలుగు. మిగతా నాలుగు ఇంజిన్‌కి అవతల వైపు, ముందు అద్దం కిందికి దూరి ఉంటాయి. పైనుంచి చూస్తే కనబడవు, చెయ్యి పెడదామంటే మణికట్టు తిరగదు. మీ బండికి ముందు నాలుగే మార్చి ఉంటారని నా అనుమానం.

ఈ ఇంజిన్‌లో ఇంకో చిక్కు ఉంది. మామూలు ఇంజిన్‌లో ఒక ప్లగ్గు పోతే ఆ సిలిండర్ మొత్తం పడుకుంటుంది, బండి వణుకుతుంది, ఓనరు పరిగెత్తుకుని వస్తాడు. ఇక్కడ వెనక ప్లగ్గు చచ్చినా ముందు ప్లగ్గు ఎలాగో నెట్టుకొస్తుంది. మిస్సింగ్ స్పష్టంగా తెలియదు. పికప్ తగ్గుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, అంతే. బండి పాతదైంది కదా అని సరిపెట్టుకుంటారు. ఈ మోడల్ బండ్లు నా షెడ్డుకి వచ్చినప్పుడు ముందు ప్లగ్గులు కొత్తవీ, వెనకవి కొనలు గుండ్రంగా అరిగిపోయినవీ ఉండటం చూస్తూనే ఉన్నాను.

కాయిల్స్ జోలికి ఇప్పుడే పోవద్దు. ప్లగ్గు అరిగే కొద్దీ దాని కొన దగ్గర నిప్పు దూకే ఖాళీ, అంటే గ్యాప్, పెరుగుతుంది. గ్యాప్ పెరిగితే నిప్పు దూకడానికి ఇంకా ఎక్కువ వోల్టేజీ కావాలి. ఆ బరువంతా కాయిల్ మీదే పడుతుంది. అరిగిన ప్లగ్గు మార్చకుండా కొత్త కాయిల్ పెడితే అదీ అదే బరువు మోయాలి. మొదట ఆ వెనక వైపు నాలుగు ప్లగ్గులు మార్పించండి. ఆ తరవాత కూడా ఒక సిలిండర్ మీద అనుమానం ఉంటే దాని కాయిల్‌ని పక్కదానితో అటూ ఇటూ మార్చి చూడమనండి. జబ్బు కాయిల్‌తో పాటు పక్క సిలిండర్‌కి వెళ్తే అప్పుడు ఆ ఒక్క కాయిల్ కొనండి. ఎనిమిదీ ఒకేసారి పోవడం చాలా అరుదు.

పని ఎలా జరగాలో కూడా చెప్తాను, దగ్గరుండి చూసుకోవచ్చు. బండి రాత్రంతా చల్లారి ఉండాలి. ప్లగ్గులు బిగించే ఇంజిన్ పై భాగం, అంటే హెడ్, అల్యూమినియం కాబట్టి వేడి మీద ప్లగ్గు తిప్పితే మర చెడుతుంది. వైపర్లు విప్పే ముందు అవి అద్దం మీద ఎక్కడ ఆగి ఉన్నాయో చిన్న టేపు ముక్క అంటించి గుర్తు పెట్టుకోవాలి. తరవాత అద్దం కింద ఉన్న ప్లాస్టిక్ కవరు, దాని కింద ఉన్న రేకు ట్రే తప్పించాలి. ఎండకు ఎండిన పాత ప్లాస్టిక్ కాబట్టి ఒకటి రెండు క్లిప్పులు విరుగుతాయి. విరిగినచోట కొత్తవి వేయించుకోండి, లేకపోతే కవరు గాలికి కొట్టుకుంటూ చప్పుడు చేస్తుంది. ఇదంతా విప్పకుండా గుడ్డిగా చెయ్యి దూర్చి చేసేవాళ్లూ ఉన్నారు. నాకు ఆ పద్ధతి నచ్చదు. కనబడని చోట ప్లగ్గు వంకరగా ఎక్కితే హెడ్ దించాల్సిన పరిస్థితి వస్తుంది.

కాయిల్ కనెక్టరు తీసేటప్పుడు లాక్ నొక్కి తీయాలి, వైరు పట్టి లాగకూడదు. కాయిల్ బయటికి వచ్చాక అందరూ చేసే తొందర ఒకటుంది: వెంటనే ప్లగ్గు విప్పేయడం. ఆ గుంతలో ఏళ్ల తరబడి పేరుకున్న దుమ్ము, ఇసుక ఉంటాయి. ప్లగ్గు విప్పగానే అవి నేరుగా సిలిండర్‌లో పడతాయి. ముందు కంప్రెసర్ గాలి కొట్టి గుంత శుభ్రం చేయాలి, అప్పుడే పానా దింపాలి.

నా షెడ్డులో కుర్రాళ్లకి కోడిగుడ్ల అట్ట ఇస్తాను. ముందు వరస నాలుగు, వెనక వరస నాలుగు గుంతల దగ్గర పెన్సిల్‌తో సిలిండర్ నంబర్లు రాస్తాం. తీసిన ప్లగ్గు తీసినట్టు దాని గుంతలో పెట్టాలి. ఎనిమిదీ వరసగా కనబడితే ఇంజిన్ ఆరోగ్యం అక్కడే తెలుస్తుంది. కొన లేత గోధుమ రంగులోనో బూడిద రంగులోనో ఉంటే బాగున్నట్టు. పొడి మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువ వస్తోంది, లేదా నిప్పు సరిగా పడటం లేదు. తడిగా, నల్లగా, జిడ్డుగా ఉంటే ఆయిల్ పైకి వస్తోంది. తెల్లగా పాలిపోయి చిన్న బొబ్బల్లాంటివి ఉంటే మితిమీరిన వేడి. ఒక్క గుంతలోదే తేడాగా ఉంటే ఆ సిలిండర్ సంగతి చూడాలి, అన్నీ ఒకేలా ఉంటే ఇంజిన్ మొత్తం సంగతి.

ముందు నాలుగు త్వరగానే అయిపోతాయి. వెనకవి పూట తింటాయి. అందుకు మెకానిక్ కూలి ఎక్కువ అడిగితే ఇవ్వండి, అది న్యాయమైన కూలే. కానీ పని ఒప్పుకునేటప్పుడే "మార్చిన పాత ప్లగ్గులన్నీ నా చేతికి ఇవ్వాలి" అని చెప్పండి. బండి తీసుకునేటప్పుడు లెక్కపెట్టుకోండి. ఇందులో మొహమాటం ఏమీ అక్కర్లేదు. నిజాయితీగా పని చేసేవాడు సంతోషంగా ఇస్తాడు.

ఈలోగా మీటర్ బోర్డులో ఇంజిన్ లైటు వెలిగి ఆరుతూ ఉంటే మాత్రం బండి పక్కకి ఆపేయండి. మండని పెట్రోలు సైలెన్సర్ దారిలో పొగని శుభ్రం చేసే కేటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ మండుతుంది. ఆ వేడికి అది లోపల కరిగిపోతే ఖర్చు ప్లగ్గుల ఖర్చుకి ఎన్నో రెట్లు అవుతుంది.

ప్రశ్న: అన్నగారూ, మాది పాత కార్బురేటర్ మారుతి వ్యాను. పెళ్లిళ్లకి వంట సామాను తోలుతాం. మంచు పడ్డ తెల్లవారుజామునా, వాన రోజుల్లోనూ మూడు సిలిండర్లలో ఒకటి కొట్టదు. ఎండ ఎక్కితే మామూలే. ప్లగ్గులు కొత్తవే. వైర్లకి ఇన్సులేషన్ టేపు చుట్టాం. రెండు రోజులు బాగుండి మళ్లీ మొదలైంది. – ఒక పాఠకుడు, కళింగపట్నం

జవాబు: తమ్ముడూ, తడికి వచ్చి ఎండకి పోయే మిస్సింగ్ అంటే ముందు చూడాల్సింది ప్లగ్గులకి కరెంటు తీసుకెళ్లే హెచ్‌టీ వైర్లు, ఆ కరెంటుని ఒక్కో సిలిండర్‌కి పంచే డిస్ట్రిబ్యూటర్ మీది క్యాపు. ఆ వైర్లలో వేల వోల్టుల కరెంటు పోతుంది. రబ్బరు ఎండి, కంటికి కనబడని పగులు వచ్చిందంటే తేమ దొరకగానే నిప్పు ప్లగ్గు దాకా పోకుండా దగ్గర్లో ఉన్న ఇనుములోకి దూకేస్తుంది. మీ వ్యానులో ఇంజిన్ ముందు సీటు కిందే ఉంటుంది. వేడి అక్కడే నిలుస్తుంది, కింద నుంచి రోడ్డు నీళ్లు చిమ్ముతాయి, పైగా మీది సముద్రపు ఉప్పు గాలి. వైర్లకి ఇంతకన్నా గడ్డు చోటు ఉండదు. టేపు పనికిరాదు, ఆ వేడికి జిగురు కరిగి తేమని ఇంకా పట్టి ఉంచుతుంది.

చీకటి పడ్డాక ఒక పరీక్ష చేయండి. ముందు పెట్రోలు పైపులూ కార్బురేటరూ ఎక్కడా కారడం లేదని పగటి వెలుతురులోనే చూసుకోండి. కారుతుంటే ఈ పరీక్ష వద్దే వద్దు. తరవాత చీకట్లో సీటు ఎత్తి, ఇంజిన్ స్టార్ట్ చేసి, ఇస్త్రీకి నీళ్లు చల్లే స్ప్రే బాటిల్‌తో వైర్ల మీద సన్నటి తుంపర కొట్టండి. పగులు ఉన్నచోట నీలం నిప్పు చిటపటలాడుతూ కనబడుతుంది. నడుస్తున్న ఇంజిన్ మీద వైరు చేత్తో ముట్టుకోకండి. గుండెకి పేస్‌మేకర్ పెట్టుకున్నవాళ్లు ఆ చుట్టుపక్కలే ఉండకూడదు.

వైరు బయట బాగుండి లోపలి కార్బన్ తీగ తెగినా ఇదే జబ్బు వస్తుంది. మల్టీమీటర్‌తో కొలిస్తే కిలో ఓముల్లో చూపించాలి. వైరు పొడవుని బట్టి కొద్దిగా తేడా మామూలే. ఒకటి మిగతావాటికన్నా బాగా ఎక్కువ చూపించినా, అసలు ఏమీ చూపించకపోయినా అది పోయినట్టే. పోయింది ఒక్కటే అయినా సెట్టు మొత్తం మార్చండి, అన్నీ ఒకే వయసువి కదా. డిస్ట్రిబ్యూటర్ క్యాపు లోపల సన్నటి నల్ల గీతలు ఉంటే అది కూడా మార్చాలి. ఆ గీతల మీదుగానే నిప్పు దారి తప్పుతుంది.

మార్చేటప్పుడు అన్నీ ఒకేసారి పీకేయకండి. ఒక పాత వైరు తీసి, దానంత పొడవున్న కొత్తది అదే చోట పెట్టి, అప్పుడు రెండోది ముట్టుకోండి. మీ ఇంజిన్‌లో సిలిండర్లు కొట్టే వరస 1-3-2. మామూలుగా చూసే నాలుగు సిలిండర్ల బండ్లకి 1-3-4-2. వైర్లు తారుమారైతే బండి స్టార్ట్ అవ్వదు, లేదా కార్బురేటర్‌లోంచి ఢాం అంటుంది. వైరు తీసేటప్పుడు దాని చివర ప్లగ్గుకి తొడిగిన క్యాపుని పట్టుకుని కాస్త అటూ ఇటూ తిప్పి లాగాలి. ప్లగ్గు క్యాపు లోపల అంచు చుట్టూ కొద్దిగా సిలికాన్ గ్రీజు రాస్తే తేమ దూరదు, మళ్లీ తీసేటప్పుడు అంటుకుపోదు.

ప్రశ్న: అన్నా, నేను శ్రీకాకుళంలో ఒక షెడ్డులో పని నేర్చుకుంటున్నాను. లోతు గుంతల్లో ప్లగ్గు ఎక్కించేటప్పుడు మర సరిగ్గా పట్టిందో లేదో తెలియట్లేదు. మేస్త్రీ గట్టిగా బిగించేయమంటారు. నాకు టెన్షన్‌గా ఉంటోంది. – ఒక కుర్రాడు, ఆమదాలవలస

జవాబు: ఆ టెన్షన్ ఉండటం మంచిదే నాయనా. జానెడు పైన పెట్రోలు పైపు ముక్క ఒకటి జేబులో పెట్టుకో. ప్లగ్గు పింగాణీ కొనకి దాన్ని బిగుతుగా తొడిగి, గుంతలోకి దింపి, రెండు వేళ్లతో తిప్పు. ముందు ఎడమకి మెల్లగా తిప్పితే మర మొదలు కలిసిన చోట చిన్నగా 'టక్' అని దిగినట్టు వేలికి తెలుస్తుంది. అక్కడి నుంచి కుడికి తిప్పు. సరిగ్గా పడితే వేళ్లతోనే కింది దాకా పోతుంది. వంకరగా పడితే పైపు ప్లగ్గు మీద జారిపోతుంది తప్ప మరని కొయ్యలేదు. పానాకి ఆ దయ ఉండదు. మొదటి చుట్లు ఎప్పుడూ పానాతో వేయకు.

చేత్తో ఆగిన దగ్గర నుంచి, 14 మిల్లీమీటర్ల మర, వాషరు ఉన్న కొత్త ప్లగ్గుకి సగం చుట్టు నుంచి మూడింట రెండు వంతుల చుట్టు చాలు. అదే ప్లగ్గు తీసి మళ్లీ పెడుతుంటే వాషరు అప్పటికే నలిగి ఉంటుంది కాబట్టి చుట్టులో 12వ వంతు మాత్రమే. ఎంత బలంతో బిగిస్తున్నామో చూపించే టార్క్ రెంచి ఉంటే కంపెనీ మాన్యువల్లో అంకె చూసి బిగించు. సన్న మర ప్లగ్గులకి ఇంకా తక్కువ బలం చాలు. మేస్త్రీతో వాదన పెట్టుకోకు. బిగించే ముందు ఒకసారి ఆయన్నే చెయ్యి వేసి చూడమను.

ఇరిడియం ప్లగ్గు అయితే గ్యాప్ గేజిని మధ్య కొనకి ఆనించకు, అది సూది కొన, విరుగుతుంది. పాత ప్లగ్గుని సాండ్ పేపర్‌తో రుద్ది మళ్లీ పెట్టే అలవాటు కూడా వద్దు.

ప్రశ్న: మా ఆల్టోకి ప్లగ్గు గుంతలో ఇంజిన్ ఆయిల్ నిలిచింది. ఇంజిన్ పోయినట్టేనా? – ఒక ఉపాధ్యాయిని, నరసన్నపేట

జవాబు: కాదమ్మా, కంగారు పడకండి. ఇంజిన్ నెత్తిన ఉండే టాపెట్ కవర్ కింది ప్యాకింగ్, ప్లగ్గు గుంతల చుట్టూ ఉండే సీళ్లు గట్టిపడి ఆయిల్ దిగుతోంది. అవి మార్పించండి. ప్లగ్గు విప్పే ముందు ఆ ఆయిల్‌ని గుడ్డతో పూర్తిగా అద్దేయమనండి. కాయిల్ రబ్బరు ఆయిల్‌కి ఉబ్బి ఉంటే అదీ మార్చాలి.

ప్రశ్న: నా ప్లగ్గు ఎన్‌జీకే కంపెనీది, నంబరులో 6 ఉంది. షాపులో లేదని బాష్ ఇస్తున్నారు, దాని మీద 6 లేదు. ఎలా కుదుర్చుకోవాలి? – ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: ఆ అంకె ప్లగ్గు ఎంత వేడిని బయటికి పంపుతుందో చెప్తుంది. ఎన్‌జీకే, డెన్సోలలో అంకె పెరిగితే ప్లగ్గు చల్లనిది, అంటే వేడిని ఎక్కువగా బయటికి పంపేది. బాష్, ఛాంపియన్‌లలో తిరగేసి, అంకె పెరిగితే వేడిది. కాబట్టి అంకెకి అంకె కలపకండి. షాపువాళ్ల దగ్గర కంపెనీ కేటలాగు ఉంటుంది, మీ బండి మోడల్, సంవత్సరం చెప్పి అందులో చూపించమనండి. కొనేముందు పాత ప్లగ్గునీ కొత్తదాన్నీ పక్కపక్కన నిలబెట్టి మర పొడవు సమానంగా ఉందో లేదో చూడండి. పొడవు ఎక్కువైతే పిస్టన్‌కి తగలొచ్చు. సిలిండర్లు ఎన్నో కాదు, మీ ఇంజిన్‌కి ప్లగ్గులు ఎన్నో అడిగి అన్నే కొనండి.