అరకు ఘాట్‌లో సైకిల్ టూర్లు పెడతానంటున్న చిన్నాకి

చిన్నా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి నువ్వు ఉద్యోగం మానేసి అరకు సైకిల్ టూర్ల కంపెనీ పెడుతున్నావని చెప్పింది, చెప్తూ చెప్తూనే ఏడ్చేసింది. నేను ఫోన్ పెట్టేసి మీ పెదనాన్నని నిద్ర లేపి మరీ చెప్పాను, మనం వదిలేసిన పని మనవాడు ఎత్తుకుంటున్నాడండీ అని. ఆ సంతోషం కాసేపే, తర్వాత నువ్వు పంపిన ఎక్సెల్ షీట్ చూశాక తెల్లారేదాకా కంటిమీద కునుకు లేదు.

20 సైకిళ్ళు అప్పు చేసి కొంటానని రాశావు. వద్దు నాన్నా, 8 చాలు. మనకి సీజన్ దసరా నుంచి ఫిబ్రవరి దాకానే, ఆపైన ఎండలు, ఆ తర్వాత వానలకి ఘాట్‌లో కొండచరియలు, ఈఎంఐ మాత్రం నెలనెలా వచ్చి కూర్చుంటుంది. గెస్ట్‌హౌస్ ఆలోచన కూడా పక్కన పెట్టు. అది ఏజెన్సీ, 1/70 చట్టం ఉంది, మనలాంటి గిరిజనేతరులు అక్కడ భూమి కొనకూడదు, ఎవరైనా బినామీగా ఇప్పిస్తామంటే గుమ్మం ఎక్కనివ్వకు. ఊళ్ళోవాళ్ళ ఇళ్ళల్లోనే గదులు మాట్లాడుకుంటే నీకూ ఖర్చు తక్కువ, వాళ్ళకీ నాలుగు డబ్బులు. ఇన్సూరెన్స్ చేయించు. హెల్మెట్ లేనివాళ్ళని సైకిల్ ఎక్కించకు. అడ్వాన్స్ సగం తీసుకో, తుఫానొస్తే డబ్బు వెనక్కిస్తావో డేట్ మారుస్తావో బుకింగ్ అప్పుడే రాసిచ్చెయ్.

యూరప్‌లోలాగా ఫోన్‌లో మ్యాప్ పెట్టేసి గెస్టుల్నే వెళ్ళమంటే స్టాఫ్ ఖర్చు ఉండదన్నావు. అక్కడ సైకిళ్ళ కోసమే దారులున్నాయి, బోర్డులున్నాయి. మన ఘాట్‌లో సగం మలుపుల్లో సిగ్నల్ రాదు, బస్సులూ లారీలూ ఒరుసుకుంటూ పోతాయి, ఇక్కడికొచ్చేవాళ్ళు నీకు డబ్బిచ్చేది తోడు మనిషి ఉంటాడనే. ముందు ఒకడు, వెనకాల ఒకడు, వ్యాన్ డ్రైవర్. గెస్టులు ముగ్గురొచ్చినా పదిమందొచ్చినా ఈ ముగ్గురి ఖర్చు తగ్గదు, అందుకే కనీసం ఆరుగురు లేకపోతే ట్రిప్ వెయ్యకు. ఏడాదంతా జీతం మెకానిక్‌కి ఒక్కడికే ఇయ్యి, మిగతావాళ్ళని అనంతగిరి, అరకు కుర్రాళ్ళనే పెట్టుకో, ట్రిప్పుకింత అని. వాళ్ళతో సీజన్ ముందే మాట్లాడుకోవాలి, ఎందుకంటే కాఫీ పళ్ళు కోసే రోజులూ అవే, నువ్వు ఆఖర్న ఫోన్ చేస్తే ఎవరూ రారు.

ఇప్పుడు మీ అమ్మకి కూడా పూర్తిగా తెలియని సంగతి చెప్తాను.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చింది, నీకు గుర్తుండే ఉంటుంది, అప్పుడు నువ్వు టెన్త్. వైజాగ్‌లో ఎక్కడి చెట్లక్కడ పడిపోయి, రోజుల తరబడి కరెంటు లేదు, మా దీపావళి బుకింగులన్నీ పోయాయి. డిసెంబర్లో ఎలాగో 9 మంది బ్యాచ్ దొరికింది. లెక్కలు చూసేది నేనే కదా, నోట్‌బుక్ ముందేసుకుని ఎక్కడ తగ్గించాలా అని చూసి, వెనకాల వచ్చే కుర్రాడికి రోజుకిచ్చే 600 కొట్టేశాను. మీ పెదనాన్న వద్దన్నారు. ఈ ఒక్క ట్రిప్పుకే కదా అన్నాను.

ఆ కుర్రాడు ఉంటే గాలికొండ దగ్గర అందర్నీ ఆపేవాడు, ఒక్కో సైకిల్ దగ్గర గొంతుక్కూర్చుని బ్రేక్ ప్యాడ్లు బొటనవేలితో తడిమి చూసి గానీ దిగనిచ్చేవాడు కాదు. ఆ రోజు చూసేవాళ్ళు లేరు. మీ పెదనాన్న ముందు పోతున్నారు, వ్యాన్ టిఫిన్ల కోసం ముందే కాశీపట్నం వెళ్ళిపోయింది. నలభై దాటిన ఒకాయన దిగుడంతా బ్రేకులు నొక్కిపట్టే వచ్చి, అనంతగిరి కింద మలుపులో సైకిల్ ఆగక గోతిలో పడిపోయాడు. కాశీపట్నంలో లెక్కపెడితే 8. మళ్ళీ లెక్కపెట్టారు, 8. వ్యాన్ తిప్పుకుని పైకెళ్ళేసరికి 40 నిమిషాలు. ఆ 40 నిమిషాలూ కట్టెలు మోసుకెళ్తున్న ఇద్దరు ఆడవాళ్ళు మోపులు దించేసి ఆయన పక్కనే కూర్చున్నారు, ఒకామె తన తువ్వాలుతో ఆయన చెయ్యి మెడకి కట్టింది. కాలర్ బోన్, రెండు పక్కటెముకలు విరిగాయి, దేవుడి దయ, బతికాడు. ఆసుపత్రి బిల్లంతా మేమే కట్టాం, ఆయన మమ్మల్ని ఒక్క మాట అనలేదు, అంటే బాగుండేది.

ఆ బ్రేక్ ప్యాడ్ ఇంకా నా బీరువాలోనే ఉంది. రబ్బరంతా అరిగిపోయి లోపలి ఇనుము బయటికొచ్చింది, ఒక కొస నల్లగా కాలిపోయింది. వచ్చినప్పుడు చూపిస్తాను, చేత్తో పట్టుకుని చూడు.

నీ షీట్‌లో వెనకాల మనిషి పక్కన "అవసరమైతే" అని రాశావు చూడు, ఇంత చదువుకున్నావు, ఆ మాట ఎలా రాయబుద్ధేసిందిరా? ఇప్పుడే తీసెయ్. కోప్పడ్డానని బాధపడకు కన్నా. సెలవులకి మా ఇంటికొచ్చి చైన్లకి ఆయిల్ నేను పెడతానంటూ చేతులు నల్లగా చేసుకుని, కడుక్కోమన్నా వినకుండా నా చేత్తో పెరుగన్నం ముద్దలు పెట్టించుకున్న పిల్లాడివి, నీకు ఈ పని రాకపోతే ఇంకెవరికి వస్తుంది.

మొదటి ట్రిప్ డేట్ అనుకోగానే చెప్పు. నేనూ పెదనాన్నా పొద్దున్నే వచ్చి కాశీపట్నంలో టీ కొట్టు దగ్గర కూర్చుంటాం, పైనుంచి ఎంతమంది బయల్దేరారో సిగ్నల్ ఉన్నచోట ఆగి మెసేజ్ పెట్టు, నేను లెక్కపెట్టుకుంటాను.

మీ పెద్దమ్మ